జూలైలో దుబాయ్ చేరుతున్నాను: ఆ ఎండల్లో, తక్కువ ఖర్చుతో ఊరు చూసేదెలా?

బరంపురం అబ్బాయి:

పెద్దలందరికీ నమస్కారం. మాది బరంపురం. జూలై మొదటి వారంలో దుబాయ్‌లో ఒక గిడ్డంగిలో లెక్కలు చూసే ఉద్యోగంలో చేరుతున్నాను. జీతంలో సగానికి పైగా ఇంటికి పంపాలి. చెల్లెలి చదువు ఉంది. వారానికి ఒక్కటే సెలవు, ఆదివారం. అంత దూరం వెళ్లి, సెలవు రోజంతా గదిలో పడుకుని గడపాలని లేదు. నెలకు 150 దిర్హాంలు మించకుండా ఆ ఎండల్లో ఏమేమి చూడవచ్చు, ఎలా తిరగవచ్చు? బస గురించి కంపెనీ ఇంకా ఏమీ చెప్పలేదు. అది వెళ్లాక చూసుకుంటాను.

గుణుపురం:

తమ్ముడూ, చివర్లో తేలిగ్గా అనేశావే, ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. బస వెళ్లాక చూసుకునేది కాదు. ఊరు చూడడం సంగతి మిగతావారు చెబుతారు, నేను దుబాయ్ పాత పేట దేరాలో నా గది కథ చెబుతాను.

దాన్ని గది అనకూడదు. ఒక ఫ్లాటులోని హాలును ప్లైవుడ్ పలకలతో అరలు అరలుగా చేశారు. ఒక అరలో, రెండంతస్తుల మంచం మీద పై పడక నాది. అద్దె పుచ్చుకునేవాడు యజమాని కాడు, ఆయనా అద్దెకున్నవాడే. మన వైపు మనిషి, మన మాట మాట్లాడతాడు కనుక అందరం నమ్మాం. ఒక నెల అద్దె డిపాజిట్‌గా చేతిలో పెట్టించుకున్నాడు, కాగితం ముక్క ఇవ్వలేదు. జూన్ దాకా నెట్టుకొచ్చాం. జూలైలో హాలు ఏసీ చల్లబరచడం మానేసింది. పలకలు పైకప్పు దాకా లేపేశారు కాబట్టి వచ్చే కాస్త గాలి కూడా మొదటి అర దాటదు. అడిగినప్పుడల్లా ‘రేపు మెకానిక్ వస్తాడు’ అనేవాడు. ఆ రేపు ఆగస్టులో కూడా రాలేదు. కరెంటు బిల్లులో మనిషి వంతు మాత్రం పెంచాడు. ఎందుకయ్యా అంటే, ఏసీ ఎక్కువ తిరుగుతోందట!

ఆ తరవాత తనిఖీకి వచ్చినవాళ్లు అరలన్నీ తీసెయ్యమని నోటీసు అంటించి పోయారు. మర్నాటి నుంచి ఆయన ఫోను మూగబోయింది. పెట్టెలతో అందరం మెట్ల మీద పడ్డాం. డిపాజిట్ రాబట్టుకోవాలని అద్దె తగాదాలు చూసే చోటికి వెళ్లాను. గుమస్తా మర్యాదగానే ఒక్క ప్రశ్న వేశాడు: ‘ఇజారీ నంబరు చెప్పండి’. ఇజారీ అంటే అద్దె ఒప్పందం నమోదు. ఫ్లాటుకు ఆ నంబరు ఉంది, అందులో నా పేరు లేదు. పేరు లేనివాడు ఆ ఇంట్లో ఉన్నట్టు రుజువు ఏమిటి? పైగా ఫిర్యాదు రుసుము ఏడాది అద్దెలో మూడున్నర శాతం, ఎంత తక్కువైనా 500 దిర్హాంలు. నా డిపాజిట్ దానికి కాస్త ఎక్కువ, అంతే. ఆ డబ్బు మీద ఆశ అక్కడే వదులుకున్నాను.

కనుక, కంపెనీ బస ఇస్తుందా, బస భత్యం ఇస్తుందా అన్నది ఉద్యోగ పత్రంలో రాతగా వచ్చేదాకా విమానం ఎక్కకు. బెడ్‌స్పేస్, అంటే ఒక్క పడక అద్దెకు తీసుకోవడం, తప్పదంటే, ఇంట్లో ఉండేవారిలో నీ పేరు నమోదు చేసే చోటే తీసుకో. 2022 నుంచి అలా నమోదు చేయాలని నియమం ఉంది. 2025 జూన్‌లో రిగ్గా, మురక్కబాత్, సత్వా లాంటి పేటల్లో ఈ అరల మీద నగరపాలక సంస్థ గట్టిగానే పడింది.

పర్లాకిమిడి మాస్టారు:

నాయనా గుణుపురం, కాగితం సంగతి నువ్వు ఇంకో మెట్టు పైనుంచి చెప్పాలి. 2007 నాటి 26వ నంబరు అద్దె చట్టం ప్రకారం, యజమాని రాతపూర్వక అనుమతి లేనిదే అద్దెకున్నవాడు ఇంకొకరికి అద్దెకివ్వకూడదు. నీకు అద్దెకిచ్చే హక్కే అతనికి లేనప్పుడు, రసీదు రాసి ఇచ్చినా దాని బలం ఎంత? కొత్తగా వెళ్లేవాళ్లు ముందు చూపించమనవలసినది ఆ అనుమతి.

ఇక అబ్బాయికి. బాబూ, నేను తిరిగి వచ్చి పర్లాకిమిడిలోనే ఉంటున్నాను. ఎండకు మరీ జంకకు. అది ఎడారి, పొడి వేడి. ఒంటికి అంటుకోదు. మన కోస్తా ఉక్కతో పోలిస్తే నయం. తలకు గుడ్డ చుట్టుకుని పొద్దున్నే బయలుదేరితే పదకొండింటి దాకా సుబ్బరంగా తిరగవచ్చు.

ఛత్రపురం అక్క:

మాస్టారూ, మీరున్నది సముద్రానికి దూరంగా, లోపల ఉన్న అల్ ఐన్ ఊళ్లో అనుకుంటాను! దుబాయ్ సముద్రం ఒడ్డున ఉంది. మే నెలలో పొడి వేడి అంటే ఒప్పుకుంటాను. జూలై, ఆగస్టుల్లో పగలు 41 డిగ్రీలు దాటుతుంది, రాత్రి కూడా 30 కంటే తగ్గడం అరుదు, దాని మీద తేమ. గోపాలపురం ఒడ్డున మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఈ అబ్బాయికి తెలుసు. అక్కడ రాత్రి పదింటికి అలా ఉంటుంది. చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. పదకొండింటి దాకా తిరగమని కొత్తవాడికి చెప్పకండి. ఆరుబయట పనిచేసేవాళ్లకే జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు పని ఆపాలని ఆ దేశంలో నియమం ఉంది. ఆపకపోతే కంపెనీకి మనిషికి 5,000 దిర్హాంల చొప్పున జరిమానా. ఊరికే వేశారా?

తమ్ముడూ, వేసవిలో అక్కడ పగటిని రాత్రిగా, రాత్రిని పగలుగా మార్చుకోవాలి. నా లెక్కలో ఆదివారం అంటే మధ్యాహ్నం దాకా నిద్ర, వంట, బట్టలు. ఐదింటికి బయలుదేరు. బర్ దుబాయ్‌లో అల్ ఫాహిదీ పాత పేట చూడు, టిక్కెట్టు లేదు. పర్షియా నుంచి వచ్చిన వర్తకులు 19వ శతాబ్దం చివర్లో కట్టుకున్న ఇళ్లవి. ఇంటి నెత్తిన చతురస్రపు గాలి గోపురం కనిపిస్తుంది, బర్జీల్ అంటారు. నాలుగు వైపుల నుంచి ఏ గాలి వీచినా పట్టుకుని కిందికి, గదిలోకి దింపుతుంది. కరెంటు లేని రోజుల్లో అదే వాళ్ల ఏసీ. ఒకదాని కింద నిలబడితే తెలుస్తుంది, నేను చెబితే తెలియదు. అక్కడి నుంచి క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డుకు నడు. అబ్రా అనే చెక్క పడవ ఒక్క దిర్హాంకు దేరా ఒడ్డున దింపుతుంది, నాణెం చేతిలో ఉంచుకో. అవతల సుగంధ ద్రవ్యాల బజారు, బంగారం బజారు. కొనేవాడు లేకపోయినా వాళ్లు పిలుస్తూనే ఉంటారు, నవ్వి ముందుకు సాగు. ఊరంతటిలో డబ్బుకు ఇంత విలువనిచ్చే సాయంత్రం నాకు ఇంకొకటి దొరకలేదు.

సముద్రం కావాలంటే జుమేరా 2, జుమేరా 3, ఉమ్ సుఖేమ్ 1 తీరాల్లో రాత్రి స్నానానికి దీపాలు, కాపలా మనుషులు 2023 నుంచి ఉన్నారు. ఉచితం. నీళ్లు చల్లగా ఉంటాయనుకోకు, ఆగస్టులో సముద్రమే 33 డిగ్రీల దగ్గర ఉంటుంది.

నీళ్లంటే గుర్తొచ్చింది. గదిలో చల్లనీళ్ల కుళాయి తిప్పితే మరిగినట్టు వస్తాయి, తొట్టి మిద్దె మీద ఎండలో ఉంటుంది కదా. గీజరు స్విచ్ ఆపేసి వేడినీళ్ల కుళాయి వాడు. గీజరు ఇంట్లో, ఏసీ నీడలో ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్లే చల్లగా వస్తాయి.

రాయగడ:

అక్క చెప్పినది మంచి మాటే కాని, దారి ఖర్చు చెప్పలేదు. మెట్రోకు, బస్సుకు వాడే నోల్ వెండి కార్డు 25 దిర్హాంలు, అందులో 19 ప్రయాణానికి మిగులుతాయి. ఛార్జీల కోసం ఊరిని మండలాలుగా విడగొట్టారు, ఒక మండలంలో తిరిగితే 3, రెండింటికి 5, అంతకు మించితే 7.50. మెట్రో దిగి అరగంటలో బస్సెక్కితే కొత్త ఛార్జీ పడదు. బస్సులో నగదు తీసుకోరు. ఆదివారం మెట్రో పొద్దున ఎనిమిదింటికే మొదలవుతుంది, మిగతా రోజుల్లా ఐదింటికి కాదు. రైల్లో తిన్నా తాగినా 100 దిర్హాంల జరిమానా. మంచినీళ్లయినా అంతే, బబుల్ గమ్ అయినా అంతే. ఎక్కువ ఛార్జీ ఉండే బంగారు తరగతిలోనో ఆడవాళ్ల పెట్టెలోనో కాలు పెడితే 100. స్టేషనులో కునుకు తీస్తే 300! రోడ్డు అడ్డదిడ్డంగా దాటితే 400. బరంపురం గిరి రోడ్డు అలవాటు విమానంలోనే వదిలెయ్.

బయట సీసా నీళ్లు కొనకు. 2022లో మొదలైన దుబాయ్ క్యాన్ అనే పథకం కింద పార్కుల్లో, తీరాల్లో మంచినీటి కేంద్రాలు పెట్టారు. సీసా తీసుకెళ్లి నింపుకోవడమే.

ఛత్రపురం అక్క:

చల్లగా కూర్చునే చోటు చెప్పడం మరిచాను. జద్దాఫ్‌లో మొహమ్మద్ బిన్ రాషిద్ గ్రంథాలయం, 2022లో తెరిచారు. ఏడంతస్తులు, గ్రంథం పెట్టుకునే వ్యాసపీఠం ఆకారం. ప్రవేశం ఉచితం. మెట్రో గ్రీన్ లైను చివరి స్టేషను క్రీక్‌లో దిగాలి.

రాయగడ:

అక్కా, ఆదివారం అది మూసి ఉంటుంది. అబ్బాయికి ఉన్నది ఆదివారమే.

ఛత్రపురం అక్క:

మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది. పని అయ్యాక వెళతాడు. అన్నిటికీ అడ్డం రావడం నీకు అలవాటు.

జయపురం:

మీ పోట్లాట మధ్య నావి నాలుగు మాటలు. గ్లోబల్ విలేజ్ సంత, మిరకిల్ గార్డెన్ పూలతోట వేసవిలో ఉండవు, చలికాలం వస్తేనే తెరుస్తారు. రాస్ అల్ ఖోర్‌లో రాజహంసలంటారు, అవీ చలికాలం సంగతే. భవిష్యత్ మ్యూజియం టిక్కెట్టు చాలా ఖరీదు. నీ నెల ఖర్చు అక్కడే ఆవిరి. బయట నిలబడి చూడు, లోపలికంటే బయటే అందం, ఇది నా అభిప్రాయం. దుబాయ్ మాల్‌లో చేపల అక్వేరియం అద్దం బయట నుంచి చూడడానికి డబ్బు అక్కర్లేదు. 2025 ఆగస్టులో మాల్స్‌ను పొద్దున ఏడు నుంచి పది దాకా నడకకు తెరిచారు. మళ్లీ పెడితే వదులుకోకు. దేరాలో వాటర్‌ఫ్రంట్ మార్కెట్టు మొత్తం ఏసీ, రాత్రి చేపల బేరం చూస్తుంటే చిలికా ఒడ్డున పుట్టినవాడికి కాలం తెలియదు.

ఆకలికి కరామాలో మన అంగళ్లున్నాయి. రాగిపిండి దొరుకుతుంది, అంబలి కాచుకో. లబన్ అనే మజ్జిగ ఏ దుకాణంలోనైనా ఉంటుంది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున లబన్ కలిపితే పఖాళే. కొరాపుట్ కొండల మీద పుట్టిన నేను ఆ ఎండను దాంతోనే తట్టుకున్నాను. జబల్ అలీలో గురుద్వారా ఉంది, ఎవరు వెళ్లినా లంగర్ అనే ఉచిత భోజనం పెడతారు. పక్కనే 2022లో తెరిచిన హిందూ దేవాలయం. బర్ దుబాయ్ పాత శివాలయం కోసం వెతకకు, 2024 జనవరిలో అది కూడా జబల్ అలీకే మారింది. నడుస్తూ ఉండగా చెమట ఆగిపోయి తల తిరిగినా, మాట తడబడినా నీడకు చేరి 998కి ఫోను చెయ్, అంబులెన్సు వస్తుంది.

సామానులో గసగసాలు పెట్టకు. మనకు అది కూర పొడి, అక్కడ మాదకద్రవ్యం కింద లెక్క, జైలు దాకా వెళ్తుంది. తమలపాకులు, పాన్ కూడా నిషిద్ధం. దగ్గు మందుల్లో కోడీన్ ఉందేమో వైద్యుణ్ని అడిగి చూసుకో.

బరంపురం అబ్బాయి:

అందరికీ ధన్యవాదాలు. బస సంగతి ఇవాళే కంపెనీకి మెయిల్ రాశాను. అమ్మ ఇప్పటికే మసాలా పొడి కొట్టింది, అందులో గసగసాలు వేసింది. అది తీసేస్తాం. అప్పడాలు, ఆవకాయ పరవాలేదా? ఇంకొకటి, 20 దిర్హాంల రోజు పాసు అని చదివాను. ఆదివారాలకు అది తీసుకోవడం మంచిదా?

జయపురం:

అప్పడాలు తీసుకెళ్లు. ఆవకాయ గట్టిగా మూసి పెద్ద పెట్టెలోనే పెట్టు, చేతి సంచిలో నూనె డబ్బా పోనివ్వరు.

ఛత్రపురం అక్క:

తీసుకో తమ్ముడూ. నిశ్చింతగా ఎక్కి దిగవచ్చు.

రాయగడ:

నిశ్చింతకు డబ్బు పోయడం దేనికి? ఎంత దూరం వెళ్లినా 7.50. వెళ్లి రావడానికి 15. పడవ రెండు వైపులా 2. మొత్తం 17 దిర్హాంలు, పాసుకంటే తక్కువే. రోజులో మూడు దూర ప్రయాణాలుంటేనే పాసు గిట్టుబాటవుతుంది. అక్క చెప్పినట్టు సాయంత్రం ఐదింటికి బయలుదేరేవాడికి మూడో ప్రయాణం ఎక్కడ? నెలకు నాలుగు ఆదివారాలు 68. మిగిలిన 82లో టీలు, లబన్, ఒక్కోసారి పరోటా.

ఛత్రపురం అక్క:

ఐదో ఆదివారం వచ్చే నెల సంగతి?

రాయగడ:

అప్పుడు 85 అక్కా. అప్పటికీ పాసుకంటే తక్కువే.