సమస్యాపూరణం: "బాంబు చూచి వచ్చె బంధుజనము"

సమస్య (ఆటవెలది, నాలుగో పాదం)

బాంబు చూచి వచ్చె బంధుజనము

నిర్వాహకుని మాట

బాంబు కనబడితే ఉన్న చుట్టాలే వీధి చివరికి పరుగెత్తుతారు గదా, కొత్తవాళ్ళు వెతుక్కుంటూ రావడమేమిటన్నది ఇందులోని చిక్కు. పూరణకు వస్తువు టెర్రేరియా అనే కంప్యూటరు ఆట. 2011 మే 16న విడుదలైన ఈ ఆటలో మనం అడుగుపెట్టేనాటికి తోడుగా గైడ్ ఒక్కడే ఉంటాడు. కంప్యూటరు నడిపే మిగతా ఊరివాళ్ళను ఒక్కొక్కరినే మనం రప్పించుకోవాలి. రప్పించుకోవడానికి రెండు షరతులున్నాయి. మొదటిది ఇల్లు: గోడలతో, నేలతో, కప్పుతో కలిపి కనీసం 60 గళ్ళు, 750కి లోపు ఉండి, వెనుకవైపు మనం పరచిన గోడ, లోపలికి వచ్చే తలుపు, ఒక దీపం, ఒక బల్ల, ఒక కుర్చీ అమరితేగాని అది ఇల్లు అనిపించుకోదు. రెండవది వచ్చేవాడి మనసులోని కారణం, అది మనిషికొకటిగా మారుతుంది. ఈ సమస్యకు తాళంచెవి ఆ రెండవ షరతులోనే ఉంది.

ఒక నియమం ముందే చెబుతున్నాను. యతి తప్పితే సవరించుకునే అవకాశం ఇస్తాను గాని, ఆటలో జరగనిది పద్యంలో జరిగిందంటే మాత్రం ఒప్పుకోను.

పూరణ 1

గోడ కట్టి తలుపు కుర్చీయు బల్లయు
దీపమొకటి పెట్టి తీర్చినాను
సంచిలోన దాఁచి యుంచినట్టి చిఱుత
బాంబు చూచి వచ్చె బంధుజనము

భావం: ఇంటికి కావలసినవన్నీ అమర్చాను. సంచిలో దాచుకొన్న చిన్న బాంబును చూసి, ఆటలో పేలుడు సామగ్రి అమ్మే డెమోలిషనిస్టు వచ్చి కాపురం పెట్టాడు.

*విమర్శ:* సమస్య ఎక్కడ విడుతుందో నేరుగా అక్కడికే వెళ్ళిన పూరణ ఇది. ఆటగాడి సంచిలో బాంబో, డైనమైటో, గ్రెనేడో ఏదో ఒక పేలుడు సామగ్రి ఉంటే పేలుళ్ళే వృత్తిగా బతికే ఆ మరుగుజ్జు ఖాళీ ఇల్లు చూసుకొని వచ్చేస్తాడు. మొదటి పాదంలో గో–కు, రెండవ పాదంలో దీ–తీ యతులు కుదిరాయి. మూడవ పాదంలో యతికి బదులు సంచి–యుంచి అని ప్రాసయతి వేయడం ముచ్చటగా ఉంది. ఇంటి సామాను జాబితాను గణాలలో ఇరికించడం చెప్పినంత తేలిక కాదు, కుర్చీ ఒక్కటి మరచిపోయి రెండు పగళ్ళు ఎదురుచూసినవాణ్ణి కనుక ఆ పాదాన్ని నేను మరికొంత గౌరవంగా చదివాను.

అయితే "చిఱుత" అనగానే పాఠకుడికి పులి కనబడుతుంది. పాదం చివర ఒక్క క్షణం సంచిలో చిరుతపులి కూర్చొని ఉంటుంది, తరువాతి పాదం చదివాకగాని అది దిగదు.

*పూరణకర్త జవాబు:* "చిన్న" అని మార్చి చూశానండీ, "ట్టి చిన్న" అన్నప్పుడు ఇంద్రగణం కుదరడం లేదు. పులి ఉంటే ఉండనివ్వండి, కాపలాకు పనికొస్తుంది.

పూరణ 2

పెట్టెలోన పెట్టి పేలుడు సామగ్రి
వేచియుంటి నేను వేకువ వరకు
పొద్దు పొడవఁ దలుపు పొంతను నిలుచుండి
బాంబు చూచి వచ్చె బంధుజనము

భావం: బాంబులను పెట్టెలో భద్రపరచి రాత్రంతా మేలుకొన్నాను. తెల్లవారేసరికి తలుపు దగ్గర కొత్త మనిషి నిలబడి ఉన్నాడు.

*విమర్శ:* మూడవ పాదం ఈ పద్యానికి ప్రాణం. కొత్తవాళ్ళు పగటిపూటే వస్తారన్న సంగతి తెలిసినవారు తప్ప "పొద్దు పొడవఁ" అని రాయలేరు. ఆటలో తెల్లవారుజామున 4:30కి పగలు మొదలవుతుంది. మన గడియారంలో 9 నిమిషాలు సాగే రాత్రి అంతసేపూ తలుపు బాదే జాంబీల చప్పుడు వింటూ కూర్చొన్నవారికి ఆ "పొద్దు" విలువ తెలుస్తుంది.

ఇక దోషాలు రెండు. రెండవ పాదంలో ఐదూ సూర్యగణాలే ఉండాలి. మీ పాదాన్ని విడదీస్తే వేచి – యుంటి – నేను – వేకు – వవరకు అని వస్తుంది, చివర నాలుగు లఘువులు పడ్డాయి. అది నలము, ఇంద్రగణం. "వేఁగువఱకు" అంటే వేఁగు – వఱకు అని చక్కగా సరిపోతుంది, అర్థమూ చెడదు.

రెండవ దోషం ఛందస్సుది కాదు, ఆటది. బాంబులు పెట్టెలో ఉంటే లెక్కలోకి రావు, అవి ఆటగాడి దగ్గర, అతని సంచిలో ఉండాలి. మీరు రాసినట్టు పెట్టెలో పెట్టి కూర్చొంటే ఎన్ని వేకువలు గడిచినా తలుపు పొంతన ఎవరూ నిలుచోరు.

*పూరణకర్త జవాబు:* గణదోషం ఒప్పుకొంటున్నాను. పెట్టె సంగతి మాత్రం నేను నిజంగా చేసిన పొరపాటే. పేలిపోతాయేమోనన్న భయంతో పెట్టెలో దాచి, మనిషి రాలేదని ఇల్లు కూలగొట్టి మళ్ళీ కట్టిన ఘనత నాది. సవరించిన మొదటి రెండు పాదాలు ఇవి:

వీపుసంచిలోన పేలుడు మందుంచి
వేచియుంటి నేను వేఁగువఱకు

*నిర్వాహకుడు:* వకారానికి పకారంతో యతి చెల్లుతుంది కనుక వీ–పే సరిపోయింది. ఇప్పుడు పద్యమూ నిలిచింది, మనిషీ వస్తాడు.

పూరణ 3

దేనిఁ గాంచి చేరె ధీరుఁడౌ పేల్పరి?
వంద దాట నుసురు వైద్యురాలు
ఏమి సేసె? నిచట నెవ్వరు నిండిరి?
బాంబు చూచి, వచ్చె, బంధుజనము

భావం: పేల్చడంలో ధీరుడు దేనిని చూసి వచ్చాడు? బాంబు చూచి. ఆటగాడి ప్రాణశక్తి వంద దాటగానే నర్సు ఏమి చేసింది? వచ్చె. ఇక్కడ ఎవరు నిండారు? బంధుజనము.

*విమర్శ:* క్రమాలంకారంతో సమస్యను మూడు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క ప్రశ్నకు జవాబుగా వాడుకొన్నారు. ఈ ఉపాయం పాతదే అయినా ఇక్కడ అదనపు లాభమొకటి ఉంది. బాంబును చూసి వచ్చేవాడు ఆటలో ఒక్కడే. మరి "జనము" అనడం ఎలాగన్న చిక్కు మొదటి రెండు పూరణలలోనూ మిగిలిపోయింది. మీరు బాంబునూ జనాన్నీ వేరు వేరు ప్రశ్నలకు పంచడంతో ఆ చిక్కు కూడా విడిపోయింది. నర్సు విషయమూ సరిగానే ఉంది: 100తో మొదలయ్యే ప్రాణశక్తిని లైఫ్ క్రిస్టల్‌తో పెంచుకొన్నవాడు ఊళ్ళో ఉండాలన్నది ఆమె షరతు.

"నేర్పరి" ఒరవడిలో "పేల్పరి" అని మీరు పుట్టించిన మాట నిఘంటువులో దొరకదు గాని, డెమోలిషనిస్టుకు ఇంతకంటే పొందికైన తెలుగు పేరు నాకు తట్టలేదు. ఇకమీదట నేను కూడా వాడుకొంటాను.

దోషమొకటి చెప్పాలి. రెండవ పాదం చివర "వైద్యురాలు", మూడవ పాదం మొదట "ఏమి": మధ్యలో సంధి లేదు. ఉకారం మీద అచ్చు పడినప్పుడు "వైద్యురాలేమి" కావలసిందే. "వైద్యసతియె / యేమి సేసె" అంటే ఎలా ఉంటుంది?

*పూరణకర్త జవాబు:* విసంధి దోషాన్ని శిరసావహిస్తున్నాను. కాని "వైద్యసతి" అంటే ఆవిడ వైద్యుని భార్య అయిపోతుంది, ఆటలో ఆవిడే స్వయంగా కుట్లు వేస్తుంది. "వైద్యవనిత / యేమి సేసె" అని మారుస్తాను, యడాగమంతో సంధి అతుకుతుంది, ఉద్యోగమూ పోదు.

*నిర్వాహకుడు:* నా సవరణకంటే మీ సవరణ బాగుంది.

పూరణ 4

వెండి చూచి వచ్చె వేగమె వర్తకుఁ
డుసురు పెరుగఁ జేరె నుపచరించు
వనిత, గుండు చూచి వర్తకుఁ డొక్కండు,
బాంబు చూచి వచ్చె బంధుజనము

భావం: వెండి నాణేలు చూసి మర్చంట్, ప్రాణశక్తి పెరగగా నర్సు, తుపాకిగుండు చూసి ఆర్మ్స్ డీలర్, బాంబు చూసి డెమోలిషనిస్టు వచ్చారు. అందరూ బంధువులయ్యారు.

*విమర్శ:* ఊరు ఎలా నిండుతుందో నాలుగు పాదాలలో చూపిన పద్యం. మర్చంట్ రావడానికి సంచిలో 50 వెండి నాణేల విలువైన సొమ్ముండాలి, ఆర్మ్స్ డీలర్‌కు తుపాకియో, తూటాలో కనబడాలి. ఒక్కొక్కరిని పిలిచే వస్తువును ఒక్కొక్క మాటలో చెప్పి ముందుకు నడిచారు, నడక ఎక్కడా కుంటుపడలేదు. మొదటి పాదాన్ని "వర్తకుఁ" దగ్గర ఆపి, "డుసురు" అని రెండవ పాదంలోకి దూకించడం చేయి తిరిగినవారి పని. మూడవ పాదంలో మళ్ళీ "వర్తకుఁడు" రావడం పునరుక్తి, కాని ఇద్దరూ వర్తకులే కనుక క్షమించవచ్చు.

క్షమించలేనిది కామా. దాన్ని తీసేసి పైకి చదవండి: "వనిత గుండు చూచి వర్తకుఁ డొక్కండు". నర్సుకు ఎప్పుడు గుండు గీయించారో, దాన్ని చూసి వర్తకుడు ఎందుకు వచ్చాడో నాకు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. పద్యం చెవికి రాసేది, చెవికి కామా వినబడదు.

*మరొక సభ్యురాలు:* నాకు అభ్యంతరం ఇంకొక చోట ఉందండీ. 2020 మే 16న వచ్చిన 1.4 సంచికతో ఊరివాళ్ళకు ఇరుగుపొరుగు ఇష్టాయిష్టాలు ఏర్పడ్డాయి. నర్సుకూ ఆర్మ్స్ డీలర్‌కూ ఒకరంటే ఒకరికి ప్రాణం, అందువల్ల వాళ్ళిద్దరినీ మూడవ పాదంలో పక్కపక్కన ఉంచడం బహు చక్కగా ఉంది. కాని ఆర్మ్స్ డీలర్‌కు డెమోలిషనిస్టంటే అసలు గిట్టదు. గిట్టనివాణ్ణి పక్కింట్లో పెడితే వాళ్ళు మనకు అమ్మే సరుకుల ధర పెంచుతారు. మీరు వాళ్ళిద్దరినీ పక్కపక్క పాదాలలో పెట్టి పైగా బంధువులన్నారు. ఈ ఊళ్ళో తూటాలు కొనాలంటే నేను పొరుగూరికి వెళ్ళవలసి వస్తుంది.

*పూరణకర్త జవాబు:* బంధువులన్నానే గాని పడుతుందని ఎక్కడా అనలేదు కదమ్మా! గుండు విషయంలో మాత్రం ఓడిపోయాను. "వనిత, తూట చూచి" అని మారుస్తాను, "తూటా"కు హ్రస్వం చేసిన పాపం నాది.

పూరణ 5

గుహను కట్టువడిన గోబ్లిను విడిపింపఁ
గొండఁ బగులఁగొట్ట గుండు పేల్చి,
బంధ మూడి కొలువు పట్టణమున నుండ
బాంబు చూచి వచ్చె బంధుజనము

భావం: గుహలో కట్లతో పడి ఉన్న గోబ్లిన్ టింకరర్ దగ్గరికి చేరడానికి కొండను బాంబులతో పగులగొట్టాను. బంధం ఊడిన అతడు మా పట్టణంలో కొలువుండడానికి వచ్చాడు. బంధంలో ఉన్నవాడే బంధువయ్యాడు.

*విమర్శ:* అందరూ డెమోలిషనిస్టు ఇంటి చుట్టూ తిరుగుతుంటే మీరొక్కరు గుహలోకి దిగారు. ఆటలో కొందరు ఊరివాళ్ళు ఇల్లు చూసి తమంత తాము రారు, వెతికి పట్టుకొని కట్లు విప్పితేనే వస్తారు. గోబ్లిన్ సైన్యాన్ని ఓడించిన తరువాత భూగర్భంలో కనబడే టింకరర్ అలాంటివాడే. "బంధ మూడి" అన్న మాటను "బంధుజనము" పక్కనే పెట్టి ఒకే ధాతువును రెండు వైపులా లాగడం ఇప్పటివరకు వచ్చిన పూరణలన్నింటిలో గడుసైన పని.

అయినా ఒక లోపం మిగిలింది. టింకరర్ మన మాట విని లేస్తాడు గాని బాంబును చూసి కాదు. బాంబు దారి తెరిచింది, పిలుపు మాత్రం మాటతోనే. "చూచి" అన్న క్రియకు మీ పద్యంలో ఆధారం లేదు. సమస్యలో ఇచ్చిన ప్రతి మాటా పనిచేయాలన్నది నా పట్టుదల. అందువల్ల ఇంత అందమైన పద్యాన్నీ రెండవ స్థానంలో ఉంచుతున్నాను.

*పూరణకర్త జవాబు:* చీకటి గుహలో మొదట కనబడేది బాంబు వెలుగే గదా అనుకొన్నానండీ.

*నిర్వాహకుడు:* ఆ వెలుగును పద్యంలోకి తెచ్చి ఉంటే నోరు మూసుకొనేవాణ్ణి.

నిర్వాహకుని నిర్ణయం

"వైద్యవనిత" సవరణతో మూడవ పూరణను మొదటిదిగా ఎంచుతున్నాను. క్రమాలంకారం సులువైన దారి అని కొందరు చిన్నచూపు చూస్తారు గాని, ఒక్కడి రాకను జనం రాకగా చెప్పడంలోని అసంగతిని పట్టుకొన్నది ఆ ఒక్క పూరణే. రెండవ పూరణకర్త తన సవరించిన పద్యాన్ని నాలుగు పాదాలతో మళ్ళీ పెట్టాలని, నాలుగవ పూరణకర్త ఆర్మ్స్ డీలర్‌కు వేరే వీధిలో ఇల్లు చూడాలని కోరుతున్నాను.

వచ్చే సమస్య తేటగీతి పాదం. గురువంటే ఎవరో, బొమ్మ ఎక్కడ దొరుకుతుందో, దాన్ని ఏ మంటలో వేయాలో ఆట ఆడినవారికి చెప్పనక్కరలేదు:

గురువు బొమ్మను దహియింపఁ గోట నిలిచె