రీడ్-ఓన్లీగా మౌంట్ చేసినా కెర్నల్ డిస్క్ మీద రాయొచ్చా?

వేకువ:
ఉన్నట్టుండి ఆగిపోయిన మెషీన్‌లోంచి తీసిన డిస్క్. ఆగడానికి కాస్త ముందు పొరపాటున డిలీట్ అయిన ఫైళ్లు వెతకాలి. లైనక్స్‌లో దాని ఈఎక్స్‌టీ4 (ఒక రకం ఫైల్‌సిస్టమ్) పార్టిషన్‌ని ఆర్‌ఓ (రీడ్-ఓన్లీ) పెట్టే మౌంట్ చేశాను, అంటే చదవడానికి మాత్రమే సిస్టమ్‌కి తగిలించాను. ముందూ తర్వాతా ఎస్‌హెచ్‌ఏ-256 (డేటా కాస్త మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) తీస్తే రెండూ వేరు! కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రధాన భాగం) లాగ్ చూస్తే, రికవరీ కోసం రైట్ యాక్సెస్ ఇస్తున్నట్టు రాసి ఉంది. రాయొద్దన్నాక రాస్తే అది బగ్ కాదా?

తీరం:
కాదండీ. జర్నల్‌లో (మార్పులను ముందుగా రాసుకునే చిట్టాలో) కమిట్ అయిన మార్పులు ఇంకా అసలు బ్లాకులకు చేరి ఉండవు. వాటిని రీప్లే చెయ్యకుండా, అంటే అసలు చోట్లలో రాయకుండా చదివితే డైరెక్టరీ ఒకటి చెబుతుంది, ఐనోడ్ (ఒక్కో ఫైల్ వివరాలుండే రికార్డు) ఇంకొకటి చెబుతుంది. బూట్‌లో రూట్‌ని (సిస్టమ్ ఫైళ్లుండే ప్రధాన ఫైల్‌సిస్టమ్‌ని) మొదట ఆర్‌ఓగానే మౌంట్ చేస్తారు. అక్కడే తప్పుడు మెటాడేటా (ఫైళ్ల గురించిన వివరాలు) చదివితే సిస్టమ్ లేవదు. ఆర్‌ఓ అనేది ప్రోగ్రాములు రాయకుండా ఆపడానికి. మౌంట్ మాన్యువల్‌లోనూ ఈ సంగతి ఉంది: రీప్లే వద్దనుకుంటే ఆర్‌ఓతో పాటు నోలోడ్ (జర్నల్‌ని లోడ్ చెయ్యొద్దనే ఆప్షన్) ఇవ్వాలి.

గట్టు:
ఇక్కడ ఆర్‌ఓ ఒకటి కాదు, మూడు. 2008లో వచ్చిన 2.6.26 కెర్నల్ నుంచి ప్రతి మౌంట్‌కీ విడిగా ఆర్‌ఓ ఉంది. అందుకే ఒకే ఫైల్‌సిస్టమ్ ఒకచోట రాయడానికి వీలుగా, బైండ్ చేసిన (అదే మళ్లీ కనిపించేలా పెట్టిన) ఇంకోచోట చదవడానికి మాత్రమే ఉండగలదు. దాని కింద సూపర్‌బ్లాక్ ఆర్‌ఓ (మొత్తం ఫైల్‌సిస్టమ్‌కి), ఇంకా కింద బ్లాక్ డివైజ్ ఆర్‌ఓ (డిస్క్‌కే). మీకు కావాల్సింది ఆ చివరిది.

వేకువ:
గట్టు గారూ, డిస్క్ నుంచి కాపీ తీసిన ఇమేజ్ ఫైల్‌ని లూప్ డివైజ్‌గా (ఫైల్‌నే డిస్క్‌లా చూపించే బ్లాక్ డివైజ్‌గా) రీడ్-ఓన్లీలో పెట్టి చూశాను. రికవరీ కావాలి, రైట్ యాక్సెస్ లేదు అని మౌంట్ ఆగిపోయింది. నోలోడ్ ఇస్తే మౌంట్ అయింది. అంటే కాదనడం కెర్నల్‌కి తెలుసు! తీరం గారూ, మాన్యువల్ చదవకపోవడం నా తప్పే. కానీ నష్టం చూడండి. ఫైల్ డిలీట్ చేస్తే ఈఎక్స్‌టీ4 ఐనోడ్‌లోని ఎక్స్‌టెంట్లను (డేటా ఏ బ్లాకుల్లో ఉందో చెప్పే వివరాలను) తుడిచేస్తుంది. ఆ తుడుపు జర్నల్‌లోనే ఆగి ఉంటే, పాత ఐనోడ్ ఇంకా డిస్క్ మీద ఉంటుంది. రీప్లే దాన్నే పోగొడుతుంది. నేను వెతుకుతున్నది సరిగ్గా దానికోసమే.

తీరం:
ఆ నష్టం నిజమే, ఒప్పుకుంటాను. అయినా డిఫాల్ట్ మార్చకూడదు. కరెంటు పోయిన ప్రతిసారీ రూట్ మౌంట్ కాక మెషీన్లు నిలిచిపోతాయి.

వేకువ:
మార్చమనను. రాయాల్సి వస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే ఆప్షన్ ఒకటి మౌంట్‌కే ఉండాలి. నోలోడ్ రీప్లేని దాటేస్తుంది తప్ప, డిస్క్ శుభ్రంగా లేదని చెప్పి ఆగదు.