గీజర్ వేసిన ఏడెనిమిది నిమిషాలకు ట్రిప్ అవుతోంది, ఎలిమెంట్ మారిస్తే సరిపోతుందా?

మాది నల్లగొండ, బోరు నీళ్లే. 15 లీటర్ల గీజర్, 2000 వాట్లు, కొని ఐదేళ్లయింది. పది రోజుల నుంచి స్విచ్ వేసిన ఏడెనిమిది నిమిషాలకు, సరిగ్గా నీళ్లు గోరువెచ్చగా అయ్యే టైముకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే సేఫ్టీ స్విచ్) పడిపోయి ఇల్లంతా కరెంటు బంద్ అవుతోంది. చల్లారాక వేస్తే మళ్లీ అదే ఏడెనిమిది నిమిషాలు.

మెయిన్ ఆపేసి, నీళ్లు దించి ఎలిమెంట్ తీశాను. సున్నం గుడ్డు పెంకులా పట్టింది, గీరితే పిడికెడు రాలింది (మా నీళ్లకు ఇది కొత్తేం కాదు, టీ గిన్నె కూడా అంతే). నిమ్మ ఉప్పు నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, కొత్త వాషర్ వేసి బిగించాను. థర్మోస్టాట్ 60 నుంచి 50కి తగ్గించాను. తేడా లేదు. వాషింగ్ మెషీన్ సాకెట్లో పెట్టినా అంతే, గీజర్ సాకెట్లో ఇస్త్రీపెట్టె అరగంట పెడితే మాత్రం పడలేదు. మల్టీమీటర్‌తో చూస్తే ఎలిమెంట్ రెండు పిన్నుల మధ్య 27 ఓమ్స్ వస్తోంది, పిన్నుకీ బాడీకీ మధ్య ఏమీ చూపించట్లేదు. రిపేరాయన చూడకుండానే కొత్తది కొనమంటున్నాడు, నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

చల్లగా ఉన్నప్పుడు రీడింగ్ మంచిగానే ఉన్నా, వేడెక్కాక మాత్రమే ఎలిమెంట్ నుంచి బాడీకి కరెంటు లీకయ్యే అవకాశం ఉందా?