పాత ప్రాంతీయ రెజ్లింగ్ పోటీలను ఏ కొలమానంతో సమీక్షించాలి?

1982 డిసెంబరు 25న డల్లాస్‌లోని రీయూనియన్ అరీనాలో రిక్ ఫ్లెయిర్, కెర్రీ వాన్ ఎరిక్‌ల మధ్య ఇనుప పంజరంలో జరిగిన ఎన్‌డబ్ల్యూఏ (నేషనల్ రెజ్లింగ్ అలయన్స్) ప్రపంచ టైటిల్ పోటీపై సమీక్ష రాస్తూ ఒక సందేహం దగ్గర ఆగిపోయాను. ఫ్రీబర్డ్స్ అనే రెజ్లర్ల జట్టు సభ్యుడు టెర్రీ గార్డీ పంజరం తలుపును కెర్రీ తలకేసి కొట్టిన క్షణమే ఫ్రీబర్డ్స్‌కూ వాన్ ఎరిక్ సోదరులకూ మధ్య ఏళ్ల తరబడి సాగిన వైరానికి నాంది పలికింది. అయితే ఆనాటి టెక్సస్ ప్రేక్షకులు వారం వారం టీవీలో చూసి పెంచుకున్న అభిమానం నాకు లేదు, నేను చూసింది ఒక్క విడి వీడియో మాత్రమే. కేవలం కుస్తీగా చూస్తే మధ్యభాగం కాస్త నెమ్మదిగానే నడిచిందని (అభిమానులు క్షమించాలి) నా అభిప్రాయం. ఇటువంటి పోటీకి విలువ కట్టేటప్పుడు బరిలోని పనితనాన్నే లెక్కించాలా, లేక తర్వాతి కథకు అది వేసిన పునాదిని కూడా కలుపుకోవాలా? ఆ కాలపు పోటీలను వరుసగా చూసినవారు, దీనికి ముందు ఏయే పోటీలు చూడాలో కూడా దయచేసి తెలియజేయగలరు.