అప్‌డేట్: కావలి డ్రంకెన్ డ్రైవ్ కేసు, రక్తం రిపోర్టు వచ్చింది

ముందు అడిగిన ప్రశ్న: హైవే చెకింగులో మిషన్‌లో ఊదితే 52 (100 మి.లీ. రక్తానికి మిల్లీగ్రాముల ఆల్కహాల్), తర్వాత 50 నిమిషాలకు ఆస్పత్రిలో తీసిన రక్తంలో 41. ఏది తప్పు?

రెండూ తప్పు కాదు. రక్తంలో మందు గంటకు 100 మి.లీ.కి సుమారు 15 మిల్లీగ్రాములు దిగుతుంది, మనిషిని బట్టి 10 నుంచి 25 దాకా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 హద్దు 100 మి.లీ.కి 30 మిల్లీగ్రాములు, రెండు లెక్కలూ దాన్ని దాటాయి. మిషన్ మీద వాదన ఇక దండగ.

చూడాల్సింది సీసా. సోడియం ఫ్లోరైడ్ (రక్తం పులియకుండా), పొటాషియం ఆక్సలేట్ (గడ్డకట్టకుండా) ఉన్న బూడిదరంగు మూత ట్యూబులోనే తీయాలి. ఫ్లోరైడ్ చాలకపోతే, రోహిణి కార్తె ఎండలో ట్యూబు బయటే ఉండిపోతే, సూక్ష్మజీవులు రక్తంలోని చక్కెరను పులియబెట్టి కొత్తగా ఆల్కహాల్ పుట్టించగలవు. మూత వదులైతే ఉన్నది కాస్తా ఆవిరవుతుంది. సూది గుచ్చేచోట స్పిరిట్ దూది వాడకూడదు, ఇది చాలాచోట్ల అలవాటుగా జరిగిపోయే పొరపాటు.

ఇంకోటి: ఆస్పత్రి ల్యాబు మామూలుగా ఎంజైమ్ పద్ధతిలో సీరమ్‌కి (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవానికి) పరీక్ష చేస్తుంది. సీరమ్ అంకె మొత్తం రక్తం కంటే సుమారు 14 శాతం ఎక్కువ. సీరమ్‌లో 34 అంటే రక్తంలో 30 లోపే! హద్దు పక్కన ఉన్నవాళ్లకు కేసంతా ఇక్కడే.

మన రిపోర్టులో పరీక్ష చేసింది మొత్తం రక్తానికే, హెడ్‌స్పేస్ గ్యాస్ క్రొమటోగ్రఫీ (రక్తం పైకొచ్చే ఆవిరిలో ఆల్కహాల్‌ని విడదీసి కొలిచే పద్ధతి)తో, రెండుసార్లు: 41.2, 40.7. గట్టిగానే ఉంది. లాయరు గారు ఇప్పుడు ట్యూబు సీలు ముద్ర నమూనా, రక్తం దాచిన ఫ్రిజ్ రిజిస్టరు నకళ్లకు అర్జీ పెట్టారు.