కనెక్షన్లు పెంచితే సర్వరే పడిపోయింది

రాత్రిడ్యూటీ:
మాది బుకింగుల అప్లికేషన్. ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరవగానే కనెక్షన్లు నిండిపోయాయని మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇచ్చేది. డీఫాల్టుగా 100 ఉన్న కనెక్షన్ల పరిమితిని 1200 చేశాను. మరునాడు ఎర్రర్ రాలేదు, సర్వరే లేదు! మెమరీ చాలక లినక్స్ కెర్నల్ ఒక ప్రాసెస్‌ను చంపేసింది, దాంతో డేటాబేస్ మొత్తం రీస్టార్ట్ అయింది. 8 కోర్లు, 32 జీబీ ర్యామ్. 64 జీబీ కొనమంటున్నారు. కొనమంటారా?

గట్టుమీదకాకి:
కొనకండి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ పుడుతుంది. ఫోను తెరిచిన ప్రతివాడూ డేటాబేస్ తలుపు తట్టే రోజులు వస్తాయని ఊహించని కాలపు నిర్మాణం అది. వర్క్‌మెమ్ (సార్టింగ్ లాంటి పనులకు వాడుకోనిచ్చే మెమరీ) ఎంత పెట్టారు?

రాత్రిడ్యూటీ:
64 ఎంబీ. ఏదో రిపోర్టు కోసం ఎప్పుడో ఎవరో పెంచారట.

గట్టుమీదకాకి:
దొరికింది. డీఫాల్ట్ 4 ఎంబీ. పైగా అది కనెక్షన్‌కు కాదు, క్వెరీలోని ఒక్కో సార్టింగ్‌కు. 1200 మంది తలా ఒక సార్టింగ్ చేస్తే 75 జీబీ. మీరు కొనబోయే ర్యామ్ కూడా చాలదు.

పాతకాపు:
ముందు పీజీబౌన్సర్ (కొన్ని కనెక్షన్ల పూల్‌ను అందరికీ పంచే మధ్యవర్తి) పెట్టి, ట్రాన్సాక్షన్ మోడ్‌లో, అంటే ఒక్కో ట్రాన్సాక్షన్ అయ్యేదాకానే కనెక్షన్ ఇచ్చేలా నడపండి. మా దగ్గర 900 క్లయింట్లను 30 కనెక్షన్లతో నెట్టుకొస్తున్నాం. ఉన్నవి 8 కోర్లే అయినప్పుడు 1200 మందిని లోపలికి వదిలితే తోపులాటే తప్ప పని జరగదు. క్యూ బయటే ఉండనివ్వండి. ఈ మోడ్‌లో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ముందే సిద్ధం చేసుకున్న క్వెరీలు) పనిచేయని బెడద 2023లో వచ్చిన పీజీబౌన్సర్ 1.21 వెర్షన్‌తో తగ్గింది. సెషన్ మీద, అంటే అదే కనెక్షన్ చేతిలో ఉండటం మీద ఆధారపడే అడ్వైజరీ లాకులతో (ఒకే పని రెండుసార్లు నడవకుండా అప్లికేషన్ వేసుకునే తాళాలు) మాత్రం జాగ్రత్త.

కొత్తగాచేరాను:
మేం పూల్ పెట్టినా ఇరుక్కున్నాం. పీజీ_స్టాట్_యాక్టివిటీ (ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పట్టిక) చూస్తే 30లో 26 కనెక్షన్లు ట్రాన్సాక్షన్ తెరిచి ఖాళీగా కూర్చున్నాయి. మా కోడ్ ట్రాన్సాక్షన్ మధ్యలో పేమెంట్ గేట్‌వేకి కాల్ చేసి, జవాబు వచ్చేదాకా పట్టుకుని ఉంటోంది (రాసింది నేనే). ఆ కాల్‌ను బయటికి తీశాకే ఊపిరాడింది.

సున్నాఒకటి:
ఇవన్నీ పైపై కట్లు. అసలు నిర్మాణాన్నే మార్చాలని డేటాబేస్ పరిశోధకుడు స్టోన్‌బ్రేకర్ బృందం 2008లోనే కొలిచి చూపింది: లాకులు, లాగ్ (మార్పుల చిట్టా), బఫర్ (మెమరీలో ఉంచుకున్న డేటా) నిర్వహణకే ప్రాసెసర్ శ్రమలో చాలా భాగం పోతోంది, అసలు పనికి మిగిలేది కొంచెమే. అమెజాన్ డేటాబేస్ అరోరా చూడండి, స్టోరేజీని విడదీసి లాగ్ రికార్డులనే పంపుతుంది. ఆరు కాపీల్లో నాలుగు చేరితే రాత ఖాయం.

గట్టుమీదకాకి:
నిజమే, కానీ అరోరా పోస్ట్‌గ్రెస్‌లోనూ కనెక్షన్‌కు ఒక ప్రాసెసే కదండీ. అందుకే అమెజాన్ దాని ముందు పెట్టుకోవడానికి ఆర్‌డీఎస్ ప్రాక్సీ అనే పూల్‌ను వేరుగా అమ్ముతోంది. ఈయన సమస్య అక్కడికి వెళ్లినా వెంటే వస్తుంది.

రాత్రిడ్యూటీ:
కనెక్షన్లు మళ్లీ 100, పూల్ 25, వర్క్‌మెమ్ 4 ఎంబీ. రిపోర్టు యూజర్‌కు మాత్రం 64 ఉంచాను. ఈ ఉదయం 8 గంటల వేళ మామూలుగానే గడిచింది. అయితే పాతకాపు గారు అన్నట్టే అడ్వైజరీ లాక్ వాడే ఒక రాత్రి జాబ్ రెండుసార్లు నడిచి, కొందరికి రెండేసి రసీదులు వెళ్లాయి. దాన్ని పూల్ తప్పించి నేరుగా డేటాబేస్‌కు కలిపాను.