పిల్లల కోసం చూస్తున్నప్పుడు మగవాళ్లు చర్మం మందులు ఆపాలా?

సిరిసిల్ల_అబ్బాయి: సోరియాసిస్‌కి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నా, వారానికోసారి. ఇంట్లో పిల్లల మాట మొదలైంది. ఎప్పుడు ఆపాలి? పూసుకునే స్టెరాయిడ్ క్రీము కూడా మానాలా?

సంతోష్77: వీర్యకణం తయారవ్వడానికి దాదాపు 74 రోజులు పడుతుంది, అందుకే మూడు నెలల ముందే ఆపించారు మా డాక్టరుగారు. ఆపాక నా మోచేతులు చూడాలి! మళ్లీ పెచ్చులు కట్టి, నల్ల చొక్కా వేస్తే చాలు ఒళ్లంతా పొట్టు రాలడం, ఆఫీసులో చుండ్రా అని అడగడం. పాప పుట్టిందనుకోండి, అది వేరే సంగతి.

గోదారిగాలి: మూడు కాదు, ఆరు.

మందులమామ: ఇరవై ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నా, నా మాట వినండి. ఆరు నెలలు ఆడవాళ్లకి. మగవాళ్లకి అమెరికా వాళ్ల మందు పెట్టెలో వచ్చే కాగితంలో మూడే.

గోదారిగాలి: షాపు నడిపితే డాక్టరైపోతారా? పెట్టెలో కాగితం నేనూ చదివాను.

మందులమామ: ఏ లైను చదివారో మరి!

కీళ్లనొప్పి_రావు: ఇద్దరూ ఆగండి. 2020లో అమెరికా కీళ్లవాతం డాక్టర్ల సంఘమే తండ్రి కావాలనుకునే మగవాళ్లు ఈ మందు కొనసాగించవచ్చని చెప్పింది. నాకు సోరియాసిస్ కీళ్లలోకి దిగింది, ఆపితే మెట్లు దిగలేను. మీ మూడూ ఆరూ నాకెందుకు? డాక్టర్ని అడక్కుండా ఎవరూ ఆపకండి.

లక్ష్మి_వైజాగ్: మా ఆయన మొటిమలకి ఐసోట్రెటినాయిన్ వాడితే మా అత్తగారు నానా గొడవ చేశారు. అది కడుపుతో ఉన్న ఆడవాళ్లు మింగితేనే ప్రమాదం, వీర్యంలోకి చేరేది లెక్కలోకి రానంత. రక్తం మాత్రం ఇవ్వకూడదు, ఆపాక నెల దాటేదాకా. ఇంత చేసి, పిల్లలు ఆలస్యమైతే పరీక్షలన్నీ నాకే! ఆయన్ని ఒక్క వీర్యపరీక్షకి పంపడానికి ఎంత మొత్తుకున్నానో.

బట్టతల_బాబు: జుట్టు మాత్ర ఫినాస్టరైడ్ గురించి ఎవరూ అనరేం? నాకు వీర్యకణాల కౌంటు పడిపోయింది. ఆపాక మళ్లీ పెరిగింది.

మందులమామ: అందరికీ కౌంటు పడిపోదు. ఊరికే జనాల్ని భయపెట్టకండి.

బట్టతల_బాబు: నా రిపోర్టు నేను చెప్పుకోవడం కూడా తప్పేనా?

సిరిసిల్ల_అబ్బాయి: అన్నా, క్రీము సంగతి?

గోదారిగాలి: ముందు మామగారిని ఆ కాగితం ఫోటో పెట్టమనండి.